చైన్‌సా కొనేముందు: మీ కట్టెకు తగిన కోత మిషన్‌ను ఎంచుకునే పద్ధతి

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు ఎండాకాలం మొదలవగానే రైతులూ, కట్టె కోతే బతుకుదెరువుగా ఉన్నవారూ అడిగే ప్రశ్న ఒకటే: ‘కోత మిషన్ ఏది తీసుకోవాలి?’ అడిగేవారిలో ఎక్కువ మంది 58 సీసీ మంచిదా, 62 సీసీ మంచిదా అన్న దగ్గరే ఆగిపోతారు. ఆ అంకెల కంటే ముందు తేల్చుకోవాల్సింది మరొకటి ఉంది. ఏడాదిలో ఎక్కువ రోజులు మీరు కోసే కట్టె ఏది, దాని లావు ఎంత? దేవరకొండ చెల్కల్లో సర్కారు తుమ్మ నరికి బొగ్గు కాల్చేవారికీ, నకిరేకల్ దగ్గర నిమ్మ, బత్తాయి తోటల్లో ఎండుకొమ్మలు తీసేవారికీ, కొల్లాపూర్‌లో ముదురు మామిడి మానును ముక్కలు చేసేవారికీ ఒకే మిషన్ సరిపోదు. ఎంత ఖరీదైనదైనా, మీ కట్టెకు పెద్దదైతే చేతులు నొప్పి పెడతాయి, చిన్నదైతే ఇంజిన్ కాలిపోతుంది. అందుకే ఈ పద్ధతి కట్టెతో మొదలై కంపెనీ పేరుతో ముగుస్తుంది.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- కొలత టేపు, లేదా రెండు బారల దారం.
- మీరు సాధారణంగా కోసే కట్టె నుంచి అడుగున్నర పొడవు మొద్దు ఒకటి. దుకాణానికి దీన్ని వెంట తీసుకెళ్లాలి.
- ఒక తెల్ల కాగితం లేదా పాత అట్టముక్క.
- మిషన్ ధర కాక హెల్మెట్, కళ్లద్దాలు, చెవులకు అడ్డు, చేతి తొడుగులు, గట్టి బూట్లు కొనడానికి విడిగా తీసిపెట్టిన డబ్బు.

చివరి దాన్ని చాలామంది తరువాత చూద్దామని వదిలేస్తారు. కోత మిషన్ చైను సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో తిరుగుతుంది, పెట్రోల్ మిషన్ శబ్దం 100 డెసిబెల్స్ దాటుతుంది. లుంగీతో, చెప్పులతో ఆ మిషన్ పట్టుకోవడం ఎవరికీ తగదు. డబ్బు చాలకపోతే ఒక మెట్టు చిన్న మిషన్ కొనండి, కానీ రక్షణ సామగ్రి మాత్రం మానకండి.

అనుమతుల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చెట్టు మీ పట్టా భూమిలోనే ఉన్నా, వాల్టా అని అందరూ పిలిచే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం చాలా రకాల చెట్లను నరకడానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది, ఆ జాబితాను అటవీ శాఖ రేంజ్ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. తాటి, ఈత చెట్లను ఎక్సైజ్ శాఖ అనుమతి లేకుండా ముట్టకూడదు. అచ్చంపేట, మన్ననూరు వైపు అడవిని ఆనుకుని పొలం ఉన్నవారు హద్దులు చూసుకున్న తరువాతే మిషన్ పట్టాలి, ఎందుకంటే అటవీ నేరం జరిగినప్పుడు కట్టెతోపాటు దాన్ని కోసిన పనిముట్టును కూడా అధికారులు స్వాధీనం చేసుకోవచ్చు.

1. కట్టె లావు కొలవండి

దారాన్ని మాను చుట్టూ తిప్పి, వచ్చిన కొలతను మూడుతో భాగించండి. చుట్టుకొలత 48 అంగుళాలు వస్తే లావు సుమారు 16 అంగుళాలు. అసలు లావు దీనికన్నా కొద్దిగా తక్కువే ఉంటుంది కాబట్టి ఈ లెక్క మిమ్మల్ని ఇబ్బంది పెట్టదు. మీ పొలంలో, లేదా మీరు పనికి వెళ్లే చోట్ల ఉన్న పది పన్నెండు చెట్లను ఇలా కొలిచి రాసుకోండి.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఊళ్లోకెల్లా పెద్ద చింతమానును దృష్టిలో పెట్టుకుని మిషన్ కొనడం. ఆ చింతమాను మీ చేతికి ఏళ్లకొకసారి వస్తుంది, మిగతా రోజులన్నీ మీరు జానెడు లావు కొమ్మలే కోస్తారు. రాసుకున్న కొలతల్లో ఎక్కువసార్లు వచ్చిన లావుకే మిషన్‌ను ఎంచుకోండి. ఆ ఒక్క పెద్ద మానుకు పెద్ద మిషన్ ఉన్నవారిని కిరాయికి పిలవడం మేలు.

లావుతోపాటు కట్టె గట్టిదనాన్నీ రాసుకోండి. నల్ల తుమ్మ, సర్కారు తుమ్మ, చింత ఎండితే చాలా గట్టిపడతాయి. వేప, మామిడి వాటికన్నా తేలికగా తెగుతాయి, సుబాబుల్ పచ్చిగా ఉన్నప్పుడు ఇంకా సులువు. పచ్చి కట్టెను హాయిగా కోసిన మిషన్ అదే లావున్న ఎండు తుమ్మలో ఆయాసపడటం మామూలే.

2. కొనాల్సిన పనేనా అన్నది తేల్చుకోండి

ఏడాదిలో నాలుగైదు రోజుల పనికి మిషన్ కొనడం నాకు సబబుగా అనిపించదు. పెట్రోల్ మిషన్‌ను నెలల తరబడి మూలన పడేస్తే కార్బొరేటర్ పాడవుతుంది, అవసరమైన రోజున అది స్టార్ట్ కాదు. అలాంటివారు కిరాయికి మనిషిని, మిషన్‌ను కలిపి పిలుచుకోవాలి, చిన్న కొమ్మలకు మంచి చేతి రంపం ఇంట్లో ఉంచుకోవాలి. నెలకు కనీసం రెండు మూడు రోజులు పని ఉన్నవారు తరువాతి మెట్టుకు వెళ్లవచ్చు.

3. పెట్రోలా, కరెంటా, బ్యాటరీయా అన్నది నిర్ణయించుకోండి

పని జరిగేది ఇంటి వాకిట్లోనో, కట్టె అడితిలోనో అయితే కరెంటు మిషన్ తీసుకోండి. దానికి నూనె కలిపే బాధ లేదు, పొగ లేదు, మరమ్మతు ఖర్చు తక్కువ. 2000 వాట్ల మిషన్ దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది కాబట్టి ఎక్స్‌టెన్షన్‌కు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడాలి. సన్న వైరును చాలా దూరం లాగితే వోల్టేజి పడిపోయి మోటారు వేడెక్కుతుంది. తడి నేల మీద, వాన తుంపరలో దీన్ని అసలు వాడకూడదు.

బత్తాయి, నిమ్మ, దానిమ్మ తోటల్లో ఎండుపుల్లలు, రెండు మూడు అంగుళాల కొమ్మలు తీయడానికి చిన్న బ్యాటరీ మిషన్ సరిపోతుంది. దానితో మాను కోయాలని చూడకండి. కొనేటప్పుడు రెండో బ్యాటరీ ధర కూడా అడగండి, ఒక్క బ్యాటరీతో పూట పని సాగడం కష్టం. బ్యాటరీలను ఎండలో, ట్రాక్టర్ ట్రాలీలో వదిలేయకూడదు.

పొలం గట్ల మీద, కరెంటు అందని చోట, గట్టి కట్టెకు పెట్రోల్ మిషన్ తప్ప దారి లేదు. మిగిలిన మెట్లు ఎక్కువగా దాని గురించే.

4. ఇంజిన్, బార్ కలిపి చూడండి

బార్ అంటే చైను తిరిగే పొడవాటి పట్టీ. దాని పొడవు మీరు రాసుకున్న లావుకన్నా కనీసం రెండు అంగుళాలు ఎక్కువ ఉండాలి. అవసరానికి మించి మరీ పొడవైనది కొంటే లాభం లేదు. పొడవు పెరిగేకొద్దీ ఇంజిన్ మీద బరువు పెరుగుతుంది, కొస నేలకు తగిలే ప్రమాదం పెరుగుతుంది, చైను ధరా పెరుగుతుంది.

లావు ఎనిమిది అంగుళాల లోపు అయితే 30 నుంచి 35 సీసీ ఇంజిన్, 12 నుంచి 14 అంగుళాల బార్ చాలు. అడుగు, అడుగుంపావు లావున్న తుమ్మ, వేప కట్టెను తరచూ కోసేవారికి 45 నుంచి 50 సీసీ, 16 లేదా 18 అంగుళాల బార్ సరిపోతుంది. మన ప్రాంతంలో ఎక్కువ మందికి పనికొచ్చేది ఈ మధ్య రకమే అని నా అభిప్రాయం. రోజూ టింబర్ డిపోలకు, ఇటుక బట్టీలకు కట్టె కోసేవారు, ముదురు చింత మానులు తీసుకునేవారు మాత్రమే 60 సీసీ దాటిన ఇంజిన్‌కు, 20 అంగుళాలు దాటిన బార్‌కు వెళ్లాలి.

బరువు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. కంపెనీలు కాగితం మీద రాసే బరువు సాధారణంగా బార్, చైను, పెట్రోల్ లేకుండా లెక్కేసింది. 4.6 కిలోలు అని రాసి ఉన్న మిషన్ పనిలోకి దిగేసరికి ఆరు కిలోల దాకా తూగుతుంది. దుకాణంలో పెట్రోల్ ట్యాంకు, చైను నూనె ట్యాంకు రెండూ నింపించి, రెండు చేతులతో నడుము ఎత్తున పట్టుకుని నాలుగైదు నిమిషాలు నిలబడండి. మణికట్టు వణికితే ఆ మిషన్ మీది కాదు.

5. స్టిక్కర్ మీది అంకెను సరిచూసుకోండి

పేరు లేని చవక మిషన్ల మీద రాసిన సీసీ అంకె అన్నిసార్లూ నిజం కాదు. మిషన్‌తో వచ్చే పుస్తకంలో సిలిండర్ బోర్ (లోపలి వ్యాసం), స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) ఎన్ని మిల్లీమీటర్లో చూపించమని అడగండి. బోర్‌ను బోర్‌తో గుణించి, దాన్ని స్ట్రోక్‌తో గుణించి, వచ్చినదాన్ని 0.785తో గుణించి, చివరికి 1000తో భాగిస్తే అసలు సీసీ తెలుస్తుంది. బోర్ 42.5 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 32 మిల్లీమీటర్లు అయితే లెక్క 45.4 సీసీ అని తేలుతుంది. ఆ కొలతలున్న మిషన్ మీద 58 అని రాసి ఉంటే ఇక ఆలోచించాల్సిన పని లేదు.

సీసీ కన్నా కిలోవాట్లలో చెప్పే శక్తి నమ్మదగిన కొలమానం. స్టిల్, హస్క్‌వర్నా వంటి కంపెనీలు దాన్ని స్పష్టంగా ప్రకటిస్తాయి. ఒకే సీసీ ఉన్న రెండు మిషన్లలో కిలోవాట్లు ఎక్కువ, బరువు తక్కువ ఉన్నదే మెరుగైనది.

6. చైను రకాన్ని అడిగి తీసుకోండి

మిషన్ గురించి గంటసేపు బేరమాడి, చైను గురించి ఒక్క మాటైనా అడగకుండా వచ్చేవారిని చూస్తే బాధ కలుగుతుంది, ఎందుకంటే కట్టెను కోసేది ఇంజిన్ కాదు, చైను పన్ను. పన్ను పైమూల పదునైన చతురస్రంగా ఉన్న చైను శుభ్రమైన కట్టెలో వేగంగా దిగుతుంది, కానీ దుమ్ము తగిలితే త్వరగా మొద్దుబారుతుంది. పైమూల కొద్దిగా గుండ్రంగా తీర్చిన చైను వేగంలో కాస్త తక్కువైనా ఎండు కట్టెలో, మట్టి అంటిన బెరడులో పదును ఎక్కువసేపు నిలుపుకుంటుంది. మన చెల్క నేలల ఎర్రదుమ్ము బెరడు పగుళ్లలో పేరుకుని ఉంటుంది, సర్కారు తుమ్మ నేల నుంచే గుబురుగా, నాలుగైదు మొదళ్లతో లేస్తుంది. అందువల్ల ఇక్కడ గుండ్రని మూల ఉన్న చైనే తీసుకోవాలని గట్టిగా చెబుతాను. తాటి మాను పీచు చైనును ఇంకా త్వరగా తినేస్తుంది, అనుమతితో దాన్ని కోసే పని ఉంటే అదనంగా ఒక చైను దగ్గర పెట్టుకోండి.

మూడు కొలతలను ఫోన్‌లో రాసుకోండి: పిచ్ (చైను లింకుల మధ్య దూరాన్ని చెప్పే కొలత, అంగుళాల్లో), గేజ్ (బార్ గాడిలో కూర్చునే లింకు మందం), డ్రైవ్ లింకుల (ఆ గాడిలో నడిచే లింకుల) సంఖ్య. ఒకే 18 అంగుళాల బార్‌కైనా కంపెనీని బట్టి లింకుల సంఖ్య మారుతుంది. ఈ మూడింటిలో ఏది తప్పినా కొత్త చైను బార్ మీద కూర్చోదు. పదును పెట్టే గుండ్రని ఆకురాయి కూడా పిచ్‌ను బట్టే ఉంటుంది. 0.325 పిచ్‌కు 4.8 మిల్లీమీటర్లది, సన్న రకం 3/8 పిచ్‌కు 4 మిల్లీమీటర్లది వాడతారు. ఆకురాయిని మిషన్‌తోపాటే కొనండి.

7. విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో ముందే తిరిగి చూడండి

డబ్బు కట్టేముందు మీకు దగ్గరి పట్టణంలో, అది మిర్యాలగూడ కావచ్చు, వనపర్తి కావచ్చు, కల్వకుర్తి కావచ్చు, ఒక మెకానిక్ దగ్గరికి వెళ్లి ఆ మోడల్ పేరు చెప్పండి. చైను, స్ప్రాకెట్, ఎయిర్ ఫిల్టర్, స్టార్టర్ తాడు, స్పార్క్ ప్లగ్ అతని దగ్గర ఇప్పుడు ఉన్నాయా అని అడగండి. ‘తెప్పిస్తాం’ అన్న జవాబును లేవు అనే అర్థం చేసుకోవాలి. ఆన్‌లైన్‌లో తక్కువకు వచ్చిన మిషన్ ఒక చిన్న రబ్బరు గొట్టం కోసం పని సీజన్ అంతా మూలనపడితే, మిగిలిన డబ్బు కన్నా పోయిన కూలే ఎక్కువవుతుంది.

8. దుకాణంలో నడిపించి పరీక్షించండి

ఈ మెట్టుకు కనీసం అరగంట కేటాయించండి. నడిపించి చూపడానికి ఒప్పుకోని దుకాణంలో కొనకండి. పరీక్షలు ఈ వరుసలో చేయాలి.

మొదట చల్లగా ఉన్న ఇంజిన్‌ను మీరే స్టార్ట్ చేయండి. మిషన్‌ను నేల మీద పెట్టి, చైను బ్రేకు వేసి, వెనుక పిడిలో బూటు కొసను దూర్చి అదిమి, ఎడమ చేత్తో ముందు పిడిని పట్టుకుని తాడు లాగాలి. గాలిలో వేలాడదీసి లాగడం ఎంత అనుభవం ఉన్నవారికైనా ప్రమాదమే.

ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, బ్రేకు తీసిన తరువాత చైను కదలకూడదు. కదులుతుంటే ఐడిల్, అంటే ఆ నెమ్మది వేగాన్ని, తగ్గించి చూపమనండి. తగ్గించినా ఆగకపోతే క్లచ్‌లో లోపం ఉన్నట్టు.

తరువాత చైను బ్రేకు చూడండి. చైను తిరుగుతుండగా ముందు పిడి దగ్గరి అడ్డుపలకను మణికట్టుతో ముందుకు నెట్టాలి, చైను ఆ క్షణమే నిలిచిపోవాలి. బార్ కొస పైభాగం కట్టెకు తగిలితే మిషన్ ఒక్కసారిగా ముఖం మీదికి ఎగురుతుంది. అప్పుడు ప్రాణం కాపాడేది ఈ బ్రేకే కాబట్టి ఇందులో రాజీ పడవద్దు.

నూనె వస్తోందో లేదో చూడటానికి తెల్ల కాగితాన్ని నేల మీద పరిచి, బార్ కొసను దానికి జానెడు ఎత్తున ఉంచి కొద్దిసేపు రేజ్ చేయండి. కాగితం మీద సన్నని నూనె గీత పడాలి. చుక్కలు కూడా పడకపోతే బార్‌కు నూనె అందడం లేదు, అలాంటి మిషన్ ఒక్క పూటలోనే బార్‌ను నీలంగా మాడ్చేస్తుంది.

ఇప్పుడు మీరు తెచ్చిన మొద్దును కోయండి. పదునైన చైను తన బరువుతోనే కట్టెలోకి దిగుతుంది, మీరు అదిమిపట్టాల్సిన అవసరం ఉండదు. కింద పడినదాన్ని అరచేతిలోకి తీసుకుని చూడండి. అది గోరంత పెచ్చులుగా ఉంటే చైను బాగున్నట్టు, పిండిలాంటి పొట్టుగా ఉంటే మొద్దుబారినట్టు. కోత ఒక పక్కకు వంకరగా పోతే రెండు వైపుల పళ్ల పదును సమానంగా లేదని గానీ, బార్ అరిగిందని గానీ అర్థం. కోసిన వెంటనే పిడుల మీద చేతులు తిమ్మిరెక్కాయేమో గమనించండి. ఇంజిన్‌కూ పిడులకూ మధ్య స్ప్రింగులో రబ్బర్లో లేని మిషన్‌తో రోజంతా పనిచేస్తే వేళ్లు మొద్దుబారుతాయి.

ఆఖరున వేడెక్కిన ఇంజిన్‌ను ఆపి, ఐదు నిమిషాల తరువాత మళ్లీ స్టార్ట్ చేయండి. మన మే నెల ఎండల్లో ఎక్కువ మిషన్లు మొండికేసేది వేడి మీద స్టార్ట్ చేసేటప్పుడే కాబట్టి ఈ పరీక్ష తప్పనిసరి.

పాత మిషన్ కొనేవారు వీటితోపాటు సైలెన్సర్ విప్పించి, ఆ రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్‌ను చూడాలి. పక్కల మీద నిలువు గీతలు కనిపిస్తే నూనె కలపకుండా నడిపారని అర్థం, ఎంత తక్కువకిచ్చినా అది వద్దు.

9. పెట్రోల్‌లో నూనె ఎంత కలపాలో రాయించుకోండి

ఈ ఇంజిన్లకు ఒట్టి పెట్రోల్ పోస్తే నిమిషాల్లో పిస్టన్ పట్టేస్తుంది. పుస్తకంలో 50:1 అని ఉంటే లీటరు పెట్రోల్‌కు 20 మిల్లీలీటర్ల 2టీ నూనె, 40:1 అయితే 25, 25:1 అయితే 40 మిల్లీలీటర్లు కలపాలి. అందాజుగా పోయకండి, కొలపాత్రతోనే పోయండి. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలిసి ఉంటుంది, అది తేమను లాక్కుంటుంది. అందువల్ల రెండు మూడు వారాలకు సరిపడేదే కలుపుకోవాలి, పని లేని నెలల్లో ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడిపి పెట్టాలి. చైనుకు పోసే నూనె వేరు. ట్రాక్టర్ నుంచి తీసిన నల్లటి పాత నూనెలో ఇనుప రజను ఉంటుంది, అది పంపును అరగదీస్తుంది.

10. ఇంటికి తెచ్చాక మొదటి కోతలు

కొత్త చైను మొదటి పూటలోనే సాగుతుంది. ఐదారు కోతల తరువాత ఇంజిన్ ఆపి, చైను చల్లారాక బిగుతు చూడండి. తొడుగులు వేసుకున్న చేత్తో చైనును బార్ మధ్యలో పైకి లాగితే లోపలి లింకులు గాడి దాటి బయటికి రాకూడదు, అలాగని ముందుకు నెడితే చేతికి తిరగకుండానూ ఉండకూడదు. వేడి మీద బిగిస్తే చల్లారాక అది బార్‌ను పట్టేస్తుంది, కాబట్టి ఎప్పుడూ చల్లారిన తరువాతే బిగించాలి.

గట్ల మీది వేప, తుమ్మ మానులకు కంచె తీగలు, మేకులు కొట్టి ఉంటాయి. కోసే చోట బెరడును గొడ్డలి మడమతో తట్టి, ఉబ్బిన చోట్లు వదిలి కోయండి. నేల మీద పడిన దుంగను కోసేటప్పుడు కింద అడ్డకట్టెలు పెట్టి ఎత్తండి, ఎందుకంటే చైను ఒక్కసారి రాయికి తగిలితే పూటంతా ఆకురాయి పట్టాల్సి వస్తుంది. భుజాల ఎత్తు దాటి కోయడం, చెట్టెక్కి ఒంటి చేత్తో కోయడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి.

మొదటి వారం రోజులు, పని అయిపోయాక పెచ్చుల పరిమాణం, కాగితం మీద నూనె గీత, బ్రేకు, ఈ మూడింటినీ మళ్లీ చూడండి. వీటిలో ఏది తేడాగా ఉన్నా మీరే స్క్రూలు తిప్పకుండా, బిల్లు, వారంటీ కార్డు పట్టుకుని మిషన్‌ను అమ్మిన దుకాణానికే తీసుకెళ్లండి. ఒకసారి బయట విప్పిస్తే వారంటీ వర్తించదని చెప్పే అవకాశం ఉంది.